మీ ఇంట్లో కలుద్దాం... అంటే ఎవరింట్లో?

మెక్సికోకి కొత్తగా వెళ్లినవాళ్ల గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. పరిచయమైన పెద్దమనిషి ఒకాయన ఓ విదేశీయుణ్ని భోజనానికి పిలిచాడు. 'ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో మీకోసం ఎదురుచూస్తుంటాం' అన్నాడు. విదేశీయుడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. సరే, ఇదేదో వీళ్ల ఆచారం కాబోలనుకుని ఇల్లు కడుక్కున్నాడు. వచ్చీరాని వంటేదో చేశాడు. బల్ల సర్దుకుని కూర్చున్నాడు. మూడైంది, నాలుగైంది, ఎవరూ రాలేదు. ఊరికి అవతలి కొసన ఆ పెద్దమనిషి పెళ్లాంపిల్లలతో సహా అన్నం ముందు పెట్టుకుని ఇతనికోసం గుమ్మంలోకి చూస్తున్నాడు!

తప్పెవరిదంటే ఏం చెప్తాం? మెక్సికోలో మర్యాద తెలిసిన పాతకాలం మనిషి 'మా ఇల్లు' అనడు. తన ఇంటిని ఎదుటివాడి ముందు 'మీ ఇల్లు' అనే అంటాడు. ఎక్కడుంటారని అడిగితే వీధి పేరూ, ఇంటి నంబరూ చెప్పి చివర్లో 'ఆయీ త్యేనె సు కాసా' అని కలుపుతాడు. 'అదిగో, అక్కడుంది మీ ఇల్లు' అని. మనం కూడా 'మీ ఇల్లే అనుకోండి' అంటాం. కానీ ఆ 'అనుకోండి' మనల్ని కాపాడుతుంది. వాళ్లు ఆ మాట తీసేసి నేరుగా రాసిచ్చేసినట్టే మాట్లాడతారు.

దీనికి వ్యాకరణం కూడా తన వంతు సాయం చేసింది. స్పానిష్‌లో 'సు' అనే చిన్న మాటకి ఆయన, ఆమె, వాళ్ల, మీ... ఇన్ని అర్థాలు. 'సు కాసా' అంటే ఎవరి ఇల్లో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. ప్రపంచమంతా తెలిసిన 'మి కాసా ఎస్ సు కాసా' (నా ఇల్లు మీ ఇల్లే) అన్న వాక్యంలో ఉన్నదీ ఆ మర్యాద 'సు'నే. మనకి 'నువ్వు', 'మీరు' ఉన్నట్టు వాళ్లకి 'తూ', 'ఉస్తెద్' ఉన్నాయి. పిలుపు ఏ వరసలో వచ్చిందో వింటే మన స్థానమేమిటో తెలిసిపోతుంది.

మరి 'అక్కడుంది మీ ఇల్లు' అంటే వెళ్లిపోవచ్చా? వెళ్లకూడదు! అది పలకరింపు, ఆహ్వానం కాదు. 'అటువైపొస్తే ఓసారి మా ఇంటికి రండి' అని అడ్రసు చెప్పకుండా వెళ్లిపోయే మనవాళ్ల లాంటిదే. రోజు, వేళ చెప్పి, మళ్లీ ఫోన్ చేసి గుర్తుచేస్తేనే నిజమైన పిలుపు. స్పెయిన్‌లో పాతతరం వాళ్ల దగ్గర ఇంకో మర్యాద ఉంది. అన్నం తింటుండగా ఎవరైనా వస్తే 'గుస్తా?' అంటారు, కొంచెం తింటారా అని. దానికి జవాబు 'వద్దండీ, కె అప్రొబేచె' (తిన్నది ఒంటబట్టాలి) అనడమే. అడిగేవాడికీ తెలుసు తినడని, అడిగించుకున్నవాడికీ తెలుసు తినకూడదని. అయినా అడక్కపోతే మాత్రం తప్పు. మన పల్లెల్లో అరుగు మీద అన్నం తింటున్నాయన దారినపోయేవాడిని 'రా, భోంచేద్దాం' అనడం గుర్తొస్తోందా?

దాదాపు 50 కోట్లమందికి మాతృభాష స్పానిష్. ఇరవై దేశాల్లో అధికార భాష. అందుకే ఒకే మాట ఒకచోట విందు, ఇంకోచోట విడ్డూరం. ఉదాహరణకి 'తింతో' తాగుదాం రమ్మన్నారనుకోండి. స్పెయిన్‌లో అయితే ఎర్ర వైను. కొలంబియాలో అయితే పాలు కలపని కాఫీ! మందు ముట్టనివాళ్లు మొహమాటపడి వద్దంటే కొలంబియాలో మంచి కాఫీ పోగొట్టుకున్నట్టే. చిలీలో 'ఓన్సె'కి రండి అంటారు. ఓన్సె అంటే పదకొండు. పొద్దున్న పదకొండింటికి తయారై వెళ్తే తలుపు తీసినావిడ తెల్లబోతుంది. అది సాయంత్రం టీ, బ్రెడ్డు, అవకాడో వగైరాలతో చేసే ఫలహారం. ఆ పేరెందుకొచ్చిందో రకరకాలుగా చెబుతారు. వాళ్లలో బాగా వాడుకలో ఉన్న కథ ఏమిటంటే, 'అగ్వార్దియెంతె' అనే సారాయి పేరు స్పానిష్‌లో రాస్తే పదకొండు అక్షరాలట. మగవాళ్లు ఆడవాళ్ల ముందు దాని పేరెత్తకుండా 'పదకొండు తీసుకుందాం' అనేవారట. నిజమో కాదో గానీ మన మగవాళ్లకి వెంటనే అర్థమయ్యే కథ.

ఇక 'కొమీదా' సంగతి మరీ ఘోరం. మెక్సికోలో కొమీదాకి పిలిస్తే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తినే పెద్ద భోజనం. కొలంబియాలో అదే మాటకి రాత్రి భోజనమని అర్థం. కాబట్టి ఎన్నింటికని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు, ఆత్మరక్షణ.

అడిగాక చెప్పిన టైముకి వెళ్లాలా అన్నది ఇంకో ప్రశ్న. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఎనిమిదింటికి విందు అంటే ఎనిమిదింటికి ఇంటావిడ స్నానానికి వెళ్తుందని అర్థం. ఆ టైముకి బెల్లు కొట్టడం అమర్యాద. నిజంగా ఎనిమిదింటికే రమ్మనాలంటే 'ఎన్ పుంతో' అని నొక్కి చెప్పాలి. లేదా 'ఓరా ఇంగ్లేసా' అనాలి, అంటే ఇంగ్లిషు వాళ్ల టైము! ఆలస్యానికి పెరూలో 'ఓరా పెరువానా' అనే పేరే ఉంది. దాన్ని వదిలించాలని అక్కడి ప్రభుత్వం 2007 మార్చి 1న పెద్ద కార్యక్రమమే పెట్టింది. మిట్టమధ్యాహ్నం సైరన్లు మోగించి, దేశమంతా గడియారాలు సరిచేసుకోమంది. గడియారాలు సరిచేయడం తేలికే కదా... మన పెళ్లిపత్రికల్లో విందు రాత్రి 7 గంటలకు అని వేయించడం లాగే.

సరే, వెళ్లాం. బిల్లు ఎవరిది? స్పానిష్‌లో పిలవడానికి వాడే క్రియ 'ఇంబితార్'. రాతలో 'వి' ఉన్నా పలికేది 'బి'నే. ఈ మాటలోనే డబ్బు లెక్క ఉంది. 'తె ఇంబితో' అంటే నిన్ను పిలుస్తున్నాను అని మాత్రమే కాదు, డబ్బులు నేనిస్తాను అని కూడా. హోటల్లో బిల్లు రాగానే నలుగురు స్పానిష్‌వాళ్లు చేతులు చాపి 'ఇంబితో యో, ఇంబితో యో' అని అరుచుకుంటుంటే అది గొడవ కాదు, 'నేనిస్తా నేనిస్తా' అనే మన గొడవే. ఇబ్బందెక్కడంటే, మనవాళ్లు కొందరు స్పానిష్ నేర్చుకుంటున్న ఉత్సాహంలో ఆఫీసులో పదిమందిని 'కాఫీకి వెళ్దాం' అనడానికి ఈ మాట వాడేస్తారు. పదిమందీ వస్తారు. జేబులో చెయ్యి మాత్రం ఎవరూ పెట్టరు! ఖర్చు ఎవరిది వాళ్లదే అనుకుంటే 'బామోస్' (వెళ్దాం పదండి) అంటే చాలు.

ఇంబితార్‌కి తోడు 'కొంబిదార్' అని ఇంకో పాత మాట ఉంది. దీని వెనుక లాటిన్‌లో విందుకి వాడే 'కొన్వివియుమ్' ఉంది, కలిసి బతకడం అని దాని మూలార్థం. అర్జెంటీనాలో ఈ మాట ఇంకా పచ్చిగా ఉంది. నీ దగ్గరున్న దాంట్లో కాస్త నాకు పెట్టు అనడానికి 'కొంబిదామె' అంటారు. అక్కడ అలా పంచుకునే వాటిలో మొదటిది 'మాతె'. ఎండిన ఆకు మీద వేడినీళ్లు పోసి, ఒకే బుర్రలో, ఒకే గొట్టంతో అందరూ వంతులవారీగా పీల్చే తేనీరు. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లకి కష్టమే. ఒకళ్లు మాత్రమే నీళ్లు పోసి అందిస్తుంటారు. ఆ మనిషికి 'సెబదోర్' అని పేరు. బుర్ర అందుకున్న ప్రతిసారీ మర్యాదగా 'గ్రాసియాస్' (థాంక్స్) అన్నారో, ఇక మీ వంతు రాదు! అక్కడ గ్రాసియాస్ అంటే చాలు, ఇక వద్దు అని. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఈ అతిథి మాటల్లో అన్నిటికన్నా తిక్కదీ, నాకు బాగా నచ్చిందీ 'వెస్పెద్'. మొదట్లో 'హెచ్' ఉంటుంది, పలకరు. ఇప్పుడు దీనర్థం ఇంట్లోనో హోటల్లోనో దిగిన అతిథి. పాత స్పానిష్‌లో మాత్రం వచ్చినవాడూ వెస్పెదే, ఇంట్లోకి రమ్మన్నవాడూ వెస్పెదే. లాటిన్‌లో దీని మూలమైన 'హోస్పెస్' కూడా అంతే, రెండువైపులా పదునున్న మాట. మన నోట్లో నానుతున్న హాస్పిటల్, హాస్టల్, హోటల్ అన్నీ ఆ చెట్టు కొమ్మలే. దానికి దగ్గరి చుట్టం 'హోస్తిస్'. అంటే మొదట పరాయివాడు, తర్వాత శత్రువు. గుమ్మం ముందు నిలబడ్డ కొత్తమనిషి చుట్టమవుతాడో శత్రువవుతాడో ఇంకా తెలియని క్షణం ఆ మాటల్లో ఉండిపోయింది. మన 'అతిథి'లో తిథి చెప్పకుండా వచ్చేవాడని ఉంది, భయం లేదు.

ఈ రెండర్థాల గోల ఇప్పటికీ డాక్టర్లని వదల్లేదు. క్రిమి చేరిన శరీరాన్ని కూడా స్పానిష్ వైద్యగ్రంథాల్లో వెస్పెద్ అంటారు. అంటే అతిథి క్రిమి కాదు, మనమే!

మరి ఇంటాయన్ని ఏమనాలి? 'ఆంఫిత్రియోన్'. ఇది ఒక మనిషి పేరు. గ్రీకు పురాణంలో తీబ్స్ నగర సేనాని. ఆయన యుద్ధానికి వెళ్లినప్పుడు దేవతల రాజు అచ్చం ఆయన రూపంలోనే ఆయన భార్య దగ్గరికి వస్తాడు. అవును, మీకు అహల్య గుర్తొచ్చిందంటే ఆ తప్పు మీది కాదు. ఈ కథని ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1668లో హాస్యనాటకంగా మలిచాడు. ఇద్దరు ఆంఫిత్రియోన్‌లు ఎదురెదురుగా నిలబడితే అసలెవరో తేల్చాలి. నౌకరు తేల్చేస్తాడు. ఎవరు భోజనం పెడితే వాడే అసలైనవాడని! ఆ పేరు అలా అన్నం పెట్టే ఇంటాయనకి స్థిరపడి ఫ్రెంచి నుంచి స్పానిష్‌లోకి నడిచొచ్చింది. ఇల్లు దోపిడీ అయినవాడి పేరు ఆతిథ్యానికి పెట్టుకున్నారు పాపం.

స్పెయిన్‌కి సొంత నాటకం కూడా ఉంది. 1630 ప్రాంతంలో అచ్చయిన ఆ నాటకాన్ని తీర్సో దె మొలీనా రాశాడంటారు. అందులో దోన్ హువాన్ అనే పోకిరి తాను చంపిన పెద్దమనిషి సమాధి దగ్గరికెళ్లి, అక్కడున్న రాతి విగ్రహం గడ్డం పట్టి లాగి, రాత్రికి భోజనానికి రమ్మంటాడు. ఎగతాళికి. విగ్రహం వస్తుంది! తిని ఊరుకోదు, మర్నాడు నువ్వు మా దగ్గరికి రావాలని తిరిగి పిలుస్తుంది. మాటిచ్చాక మగాడన్నవాడు వెళ్లాలిగా. వెళ్తాడు. అటునుంచటే నరకానికి పోతాడు. ఆ 'రాతి అతిథి' (కొంబిదాదో దె పియేద్రా) ఇప్పుడు జాతీయమైపోయింది. సభలో, విందులో, మీటింగులో పిలిపించుకుని కూడా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాణ్ని అలా అంటారు. బెల్లం కొట్టిన రాయి అన్నమాట.

పిలవకుండా వచ్చేవాళ్లకి పేర్లు ఇంకా జోరుగా ఉన్నాయి. మెక్సికోలో 'కొలాదో', సందులోంచి దూరినవాడు. దక్షిణ అమెరికాలో కొన్నిచోట్ల 'పారకైదిస్తా', పారాచూట్‌తో నేరుగా విందులోకి దిగినవాడు. వెనెజువెలాలో 'అర్రోసేరో', 'అర్రోస్' అంటే బియ్యం కాబట్టి దీన్ని విడమర్చక్కర్లేదు. స్పెయిన్‌లో 'గొర్రోన్', ఊళ్లోవాళ్ల ఖర్చుతో బతికేవాడు. 'గొర్రా' అంటే టోపీ. టోపీ పెట్టడమంటే ఏమిటో తెలుగువాళ్లకి చెప్పాలా? వచ్చి ఉత్సాహం మీద నీళ్లు చల్లేవాడు 'అగ్వఫియెస్తాస్'. 'అగ్వా' నీళ్లు, 'ఫియెస్తా' పండగ. రెండు భాషలూ ఒకే బకెట్టు వాడుకున్నాయి!

పెళ్లి పిలుపుల దగ్గర మాత్రం దారులు వేరు. మన శుభలేఖ 'సపరివార సమేతంగా' అంటుంది, ఎంతమందనేది చుట్టాల దయ. మెక్సికో శుభలేఖలో చాలాసార్లు మీ పేరు కింద 'పాసెస్' ఎన్నో రాసి ఉంటుంది. రెండంటే రెండు కుర్చీలే. పిల్లల్ని తీసుకురావద్దని అచ్చువేయించేవాళ్లూ ఉన్నారు. అర్జెంటీనాలో ఇంకో తమాషా. పెళ్లి విందుకి దగ్గరివాళ్లని పిలిచి, మిగతా స్నేహితులకి 'పన్నెండు తర్వాత' రమ్మని కార్డు ఇస్తారు. రాత్రి పన్నెండు! అంటే భోజనం ఉండదు, డాన్సు ఉంటుంది. మనకైతే తలుచుకుంటేనే ఏదోలా ఉంటుంది గానీ అక్కడ ఎవరూ పెద్దగా ఏమీ అనుకోరు. కానుకల విషయంలో మళ్లీ కలిసిపోతాం. కొలంబియాలో కార్డు మీద 'యూబియా దె సోబ్రెస్' అని ఉంటే 'కవర్ల వాన' అని అర్థం. వస్తువులొద్దు, కవర్లో డబ్బు పెట్టివ్వండి అని. మైకులో చదవరు, అంతే తేడా.

నాకు ఈ మాటల మీద ఆసక్తి కలిగింది మా పిన్ని కూతురి వల్ల. అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. అమెరికాలో స్పానిష్ మూలాలున్నవాళ్లు 2020 జనగణన ప్రకారం 6.2 కోట్లమంది కాబట్టి, పక్కింటివాళ్లు మెక్సికో వాళ్లవడం వింతేం కాదు. నాలుగేళ్ల స్నేహం. వాళ్లమ్మాయికి పదిహేనేళ్లు నిండుతున్నాయి. అది వాళ్లకి పెద్ద పండగ, 'కిన్సెఅన్యేరా' అంటారు. చర్చిలో ప్రార్థన, గౌను, కిరీటం, విందు, డాన్సు. మన ఓణీల వేడుకకి దూరపు చుట్టం. పక్కింటావిడ వచ్చి 'నువ్వు మా అమ్మాయికి కేకు మద్రీనావి అవుతావా?' అని అడిగింది. మద్రీనా అంటే జ్ఞానమాత. మా అక్క పొంగిపోయి వెంటనే సరేనంది.

వారం తర్వాత ఆఫీసులో ఎవరో చెప్పారు, కేకు మద్రీనా అంటే కేకు కొనిపెట్టేది అని. అది కూడా రెండొందల మందికి సరిపోయే అంతస్తుల కేకు. బావగారు 'అంటే డబ్బులడిగిందన్నమాట' అన్నారు. అక్క ఫోన్ చేసి నాతో అన్నది మాత్రం వేరు. 'డబ్బుల గురించి కాదురా, నాలుగేళ్లు నాతో ఉన్నది ఇందుకా అనిపిస్తోంది' అంది. నాలుగు రోజులు పక్కింటివైపు చూడలేదట.

చివరికి తనే వెళ్లి సూటిగా అడిగేసింది. అది మంచిపని. ఆవిడ లోపలికెళ్లి కార్డు పట్టుకొచ్చింది. అందులో కిరీటానికి ఒకరు, చెప్పులకి ఒకరు, పాటలవాళ్లకి ఒకరు, పూలకి ఒకరు... అందరూ మేనత్తలు, మేనమామలు, వాళ్లమ్మ స్నేహితురాళ్లు. పాతికమంది తలా ఒకటి మోస్తేనే ఆ పండగ లేస్తుంది. అలా మోసినవాళ్లతో తర్వాత చుట్టరికం కలుస్తుంది. చుట్టాలు కానివాళ్లని ఆ జాబితాలోకి పిలవరు. ఆ కార్డులో చుట్టం కాని పేరు మా అక్కదొక్కటే. 'బరువనిపిస్తే చెప్పు, పేరు అలాగే ఉంచి కేకు నేను చూసుకుంటా' అందట ఆవిడ.

అక్క కేకు చేయించింది. మూడు రకాల పాలతో చేసే 'త్రెస్ లేచెస్' కేకు. సగం గుడ్డు లేకుండా, తనూ తినాలిగా. ఆరింటికి రమ్మంటే ఆరింటికే వెళ్లి, ఇంకా ఎవరూ రాని హాల్లో బావగారు బెలూన్లు ఊదారు.

మెక్సికోలో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు 'పొసాదాస్' జరుగుతాయి. పొసాదా అంటే బస. నిండు చూలాలైన మరియ, జోసెఫ్ తలదాచుకోవడానికి ఇల్లిల్లూ తిరగడాన్ని వీధివాళ్లంతా కలిసి ఆడతారు. సగంమంది కొవ్వొత్తులతో బయట నిలబడి చోటిమ్మని పాటలో అడుగుతారు. సగంమంది లోపలినుంచి పాటలోనే పొమ్మంటారు, దొంగలేమో ఎవరికి తెలుసు అని కూడా అంటారు. అడగడం, కాదనడం అలా సాగి సాగి చివరికి తలుపు తెరుచుకుంటుంది. తర్వాత తిండి, పిల్లలు కర్రతో పగలగొట్టే మిఠాయిల పిన్యాతా. ఆ డిసెంబరులో పక్కింటివాళ్ల పొసాదాకి మా అక్కని లోపలివాళ్ల జట్టులో నిలబెట్టారు. భాష సగమే వచ్చు గానీ, 'పొండి' అని పాడటానికి మనసొప్పక పెదాలు మాత్రం కదిపిందట.

వచ్చేటప్పుడు చేతిలో రేకు కాగితం చుట్టిన పొట్లాలు, ఓ ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. దానికీ ఒక మాటుంది. 'ఇతకాతె'. స్పానిష్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న నావాత్ల్ భాష మాట, ప్రయాణానికి కట్టిచ్చే తిండి. విందు నుంచి అతిథిని ఉత్తచేతులతో పంపకూడదని ఇస్తారు. ఆ పొట్లం విప్పుతూనే అక్క నాకు ఫోన్ చేసింది.

'డబ్బా ఖాళీగా ఎలా ఇస్తామే' అని వెనకనుంచి పిన్ని గొంతు వినబడుతోంది. మర్నాడు అందులో పులిహోర వెళ్లింది. అప్పటినుంచి ఆవిడ మా అక్కని పేరు పెట్టి పిలవడం లేదట. 'కొమాద్రె' అంటోందట. బిడ్డకి ఇంకో తల్లి అని. వియ్యపురాలి వరసకి దగ్గరగా ఉంది కదా, మా అక్క కూడా ఆవిణ్ని 'వదినా' అంటోంది.